చిన్న నర్సమ్మ పంపు స్టవ్వు

పోయిన వారం నెల్లూరులో నా పాత విద్యార్థిని ఒకామె వాళ్ళింటికి పిలిచింది. కొత్తగా గ్యాసు పొయ్యి వచ్చిందట, చూసిపొమ్మంది. పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించింది. దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. అగ్గిపుల్ల గీసి వెలిగించి, "చూడండి టీచర్, చప్పుడే లేదు!" అంది. నిజమే, లేదు. నీలం మంట ఊరికే నిలబడి ఉంది. బాగుందమ్మా అన్నాను, కాఫీ తాగాను, అందరికీ చెప్పి బయల్దేరాను. తీరా రిక్షా ఎక్కాక ఏడుపు ఆగలేదు. రిక్షా అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి మర్యాదకి చూడ్డం మానేశాడు.

నాకు చిన్న నర్సమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్ళు. ఆ కబురు నాకు చేరేసరికి మట్టి చేసి నాలుగు రోజులయింది. అప్పుడు ఏడవలేదు నేను. బడికి పోయి పిల్లలకి గుణింతాలు చెప్పాను. రెండేళ్ళు దాచుకున్న ఏడుపు ఒక గ్యాసు పొయ్యి ముందు బయటపడడం నాకే విడ్డూరంగా ఉంది.

ఆమెకి పేరు లేకపోలేదు. బాప్తిస్మం నాటి పేరు ఒకటి ఉండే ఉంటుంది. మేమున్న కోట ఊళ్ళో ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. చాలా ఏళ్ళ కిందట మిషను వాళ్ళు ఆ ఊళ్ళో కాన్పుల కోసం ఇద్దరు నర్సమ్మల్ని పెట్టారు. వయసులో పెద్దామె పెద్ద నర్సమ్మ, చిన్నామె చిన్న నర్సమ్మ. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు కాపురమున్నారు. నేను ఆ ఊరు చేరేటప్పటికి పెద్దామె పోయి మూడేళ్ళయింది. ఈమెకి అరవై దాటాయి, పనిలోంచి కూడా దిగిపోయింది. అయినా చిన్న నర్సమ్మే. పెద్దామె లేకపోతే ఈమె పెద్దదై పోవాలి కదా అని ఒకసారి వేళాకోళానికన్నాను. "మా అక్క ఉండగా నేనెట్టా పెద్దదాన్నవుతా?" అంది. అప్పుడు నాకు అది వట్టి మాటే అనిపించింది.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో నాకు కోట ఎలిమెంటరీ బడిలో ఉద్యోగమిచ్చారు. మాది సంగం దగ్గర వ్యవసాయం ఇల్లు. పెళ్ళయిన ఏడాదికే అత్తవారిల్లు విడిచి వచ్చేసిన దాన్ని కాబట్టి, పుట్టింట్లో నా మొహం చూస్తే అమ్మ ఏడ్చేది, నాన్న మాట్లాడేవాడు కాదు. అందుకని దూరపు ఊరైనా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. తీరా వచ్చాక ఒంటరి ఆడదానికి గది ఇచ్చేవాళ్ళు లేరు. చివరికి చిన్న నర్సమ్మ తన ఇంటి ముందు గది ఇచ్చింది. "కిరస్తానీ కొంపలో ఉంటే ఉండావు, అన్నం మాత్రం ముట్టమాక," అని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. నా వంట నేను వసారాలో కుంపటి మీద చేసుకునేదాన్ని. ఆమె ఇచ్చిన టీ తాగేదాన్ని, అన్నం తినేదాన్ని కాదు. ఆమె ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే సిగ్గుపడి తినేదాన్నేమో.

ఆమె గొంతు గురించి చెప్పాలి. పక్కనున్న మనిషితో కాలవకి అవతలున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. నేను ఇంట్లో దిగిన మొదటి రోజు "ఉప్పు నీళ్ళ బాయి ఇది, తాగే నీళ్ళు చెరువు కాడ!" అని చెబితే, తిడుతుందనుకుని రెండడుగులు వెనక్కి వేశాను. చెవుడేమో అనుకున్నాను. చెవుడేం లేదు. నేను గదిలో నిట్టూర్చినా వినపడేది ఆమెకి. రెండు గదుల మధ్య గోడ పెంకుల దాకా లేదు. ఆపైన అంతా ఒకటే గాలి.

ఇక ఆ స్టవ్వు. మూడు కాళ్ళ ఇత్తడి కిరసనాయిలు పంపు స్టవ్వు. తెల్లారుజామున ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి వెలిగేది. వెలిగిందంటే ఇల్లంతా బుర్రుమని ఒకటే మోత. ఆ మోతకి గోడ మీద నా అద్దం సన్నగా వణికేది. సాయంత్రం నేను పిల్లల పలకలూ పుస్తకాలూ దిద్దుకునే వేళ అదే. నాకు ముందునుంచీ సద్దు పడదు. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది. పంటి బిగువున ఓర్చుకునేదాన్ని.

దాన్ని వెలిగించడం ఒక కాన్పు. ఆ మాట నాది కాదు, ఆమెదే. బర్నరు కింది గిన్నెలో రవ్వంత స్పిరిటు పోసి అంటించి, అది వేడెక్కే దాకా కదలకుండా కూర్చునేది. నేను తొందరపడి పంపు కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఉండు. ఇంకా నెలలు నిండలా." తర్వాత పంపు. పది, పన్నెండు దెబ్బలు. "ఏడవ్వే తల్లీ, ఏడు," అని దాన్ని బతిమాలేది. బుర్రుమని మంట లేచేసరికి మొహమంతా వెలుగు. "ఏడ్చింది!" అనేది. ప్రతిరోజూ, రెండు పూటలా, అంతే సంబరం. పుట్టిన బిడ్డ ఏడిస్తేనే బతికినట్టని ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి కదా, అలవాటు పోలేదనుకునేదాన్ని.

దానికి జబ్బు చేస్తే వైద్యం కూడా ఆమే. గాలి ఎక్కకపోతే పంపు విప్పి, అరిగిపోయిన తోలు వాషరు తీసి, ఏ పాత చెప్పునో కత్తిరించి కొత్తది చేసి ఒక రాత్రంతా ఆముదంలో నానబెట్టేది. ఎక్కడ కారుతుందో తెలియకపోతే సబ్బు నురగ రాసి బుడగ లేచే చోటు పట్టుకునేది. కిరసనాయిలు చిమ్మే నిపిలు మూసుకుపోతే సన్న తీగతో పొడిచేది. ఒకసారి ఆ స్టవ్వు పొట్టకి చెవి ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయింది. నిండు గర్భిణి కడుపులో బిడ్డ గుండె వింటున్నట్టే ఉంది ఆ వాలకం. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "నవ్వితే నవ్వు. సద్దు చెయ్యకుండా నవ్వు," అంది.

ఊళ్ళో అందరూ కొత్తది కొనమనేవాళ్ళు. అప్పటికి వత్తుల స్టవ్వులు వచ్చేశాయి. అంగడి శెట్టిగారు ఒకటి తెప్పించి, "తీసకపో నర్సమ్మా. ఆ పాతదానికి అతుకులేసి అతుకులేసి నీ చేతులు అరిగిపోతుండాయి," అన్నాడు. అంగట్లో పది మంది ఉన్నారు. చిన్న నర్సమ్మ తన మామూలు గొంతుతోనే, అంటే ఊరంతా వినేలా, "నువ్వు పుట్టినప్పుడు నీలంగా ఉండావు శెట్టీ. ఊపిరి లేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి కొట్టినా. పోతే పోయినాడులే, కొత్తోణ్ణి కనుక్కో అని మీ అమ్మకి చెప్పినానా?" అంది. శెట్టిగారు వత్తుల స్టవ్వు లోపల పెట్టేశాడు. ఆ ఊళ్ళో పాతికేళ్ళలోపు మగవాళ్ళందరినీ ఆమె ఇలాగే నోరు మూయించేది. అందరూ ఆమె చేతిలో తలకిందులుగా వేలాడినవాళ్ళే.

నేను వచ్చిన రెండో ఏట ఎండాకాలంలో ఆ స్టవ్వు బర్నరు పగిలింది. మంట పచ్చగా పక్కలకి ఎగజిమ్మింది, గిన్నెలన్నీ మసి పట్టాయి. ఇది వాషర్లతో పోయే జబ్బు కాదు. నేను జీతం పని మీద నెల్లూరు వెళ్తుంటే, ఆమె స్టవ్వుని పాత దుప్పటిలో చుట్టి నా చేతికిచ్చింది. బస్సు కదిలే దాకా కిటికీ పట్టుకుని అదే మాట. "పాతదాన్నే అతికించమను పంతులమ్మా. కొత్త బర్నరు వద్దు. చెప్తుండా, పాతదే."

నెల్లూరు బజారులో స్టవ్వులు బాగుచేసే ముసలి సాయిబు ఉండేవాడు. ఆయన చూసి, అతుకు వేయొచ్చు గాని ఎక్కువ నాళ్ళు ఆగదన్నాడు. తర్వాత పెట్టెలోంచి ఇంకో రకం బర్నరు తీశాడు. దాని మీద చిల్లుల టోపీ ఉంది. "ఇది వేస్తే మీకు సద్దనేదే ఉండదమ్మా. మంట కూడా బాగుంటాది. ఇప్పుడందరూ ఇదే వేయించుకుంటుండారు," అన్నాడు.

నేను ఆలోచించినట్టు నటించాను. నిజానికి ఆలోచించలేదు. ఆమెకి మంచిది, ఎక్కువ రోజులొస్తుంది, ముసలామెకి ఆ మోత తప్పుతుంది అని మనసులో అన్నీ అనుకున్నాను గాని, నాకు కావలసింది నా సాయంత్రాలు. వేసెయ్యమన్నాను. పాత బర్నరుని ఆయన పాతిత్తడి గంపలోకి విసిరేశాడు. నేను దాని వైపు చూడను కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె స్పిరిటు పోసింది, వేడెక్కనిచ్చింది, పంపు కొట్టింది. మంట లేచింది. నీలంగా, గుండ్రంగా, చక్కగా లేచింది. ఆమె ఇంకా పంపు మీద చెయ్యి వేసి ఎదురుచూస్తోంది.

"ఏడవలేదేంది?" అంది.

"ఇది ఏడవదు నర్సమ్మగారూ. కొత్త రకం. మీకు కానుక," అన్నాను గొప్పగా.

ఆమె నా మొహం చూసింది, మంట చూసింది. నా గడ్డం పుణికి, "చల్లగుండు తల్లీ," అంది. ఒక్క మాట కూడా అననందుకు అప్పుడు సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుచించుకుపోతుంది.

మర్నాటి సాయంత్రం నేను హాయిగా పుస్తకాలు దిద్దుకుంటున్నాను. గోడ అవతల ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ గొంతు గోడ మీదుగా పొల్లు పోకుండా వస్తోంది. "మన బుడ్డోడు లేడా, అదే, అడ్డం తిరిగినోడు, వాడికి ఆడపిల్ల పుట్టిందంటక్కా." కాసేపు ఆగింది. "అవును, వాడే. నువ్వే కదా పట్టుకుని తిప్పినావు." మళ్ళీ ఆగింది. నవ్వింది. "పో అక్కా, నువ్వూ నీ మాటలూ. చారులో ఉప్పు చాలిందా చూడు."

ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను. వీధి తలుపు పక్కనే కూర్చున్నాను గదా, నన్ను దాటుకుని లోపలికి ఎవరూ పోలేదే అని కూడా అనుకున్నాను. సరదా పుట్టింది. గట్టిగా అడిగేశాను. "ఎవరొచ్చారు నర్సమ్మగారూ? నాకు చెప్పకుండా ఎవరితో ఆ కబుర్లు?"

గోడ అవతల మాట ఆగిపోయింది. గరిట గిన్నెకి తగిలిన చప్పుడు, అంతే.

"ఎవరూ లేరమ్మా," అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

ఆ తర్వాత ఆ గోడ అవతల నుంచి మాట రాలేదు. ఒక రోజు కాదు, వారం కాదు. ముందు సాయంత్రం వంట మానేసింది, పొద్దున వండిందే రెండు పూటలా సరిపెట్టుకుంది. తర్వాత పొద్దున వంట కూడా తగ్గింది. ఆరింటికి పెరట్లో బావి గట్టు మీద కూర్చునేది, చీకటి పడ్డాక లేచి వచ్చి పడుకునేది. అంగడిలో శెట్టిగారితో కూడా మామూలు మనుషుల్లాగా చిన్నగా మాట్లాడుతుంటే ఆయనే భయపడి, "నర్సమ్మకి ఒంట్లో బాగలేదా టీచరమ్మా?" అని నన్నడిగాడు. నాకు కావలసిన నిశ్శబ్దం నాకు దొరికింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క పుస్తకం కూడా సరిగ్గా దిద్దలేకపోయాను. నేనేం చేశానో నాకు తెలిసీ తెలియనట్టుంది.

తెలియజెప్పింది చేపలమ్ముకునే ఆమె. సముద్రం ఒడ్డునుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది, చిన్న నర్సమ్మ ఆమెకి నాలుగు కాన్పులు చేసింది. నర్సమ్మ వారం రోజులుగా చేపలు కొనలేదని ఆమెకి బెంగ. వసారాలో గంప దింపి, "పెద్ద నర్సమ్మ ఉండేటప్పుడు చూడాల టీచరమ్మా," అంది. "ఇద్దరూ ఆ స్టవ్వుకి చెరోపక్క పీట ఏసుకుని, ఆ మోతలో ఒకరికొకరు అరుచుకుంటా మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఇంట్లో ఏం జరిగింది, ఈ ఇంట్లో ఏం జరిగింది అని. కాన్పుల సంగతి బయటికి పొక్కగూడదంట. ఆ మోతలో అయితే వీధిలోకి ఇనపడదు గదా. పెద్దమ్మ పోయినాక కూడా ఈమె గొంతు తగ్గలా."

అప్పటిదాకా చాలామంది నన్ను తప్పు చేశావన్నారు. అత్తగారన్నది, నాన్న అన్నాడు. నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ పూట అనిపించింది. ఒక మనిషికి రోజుకి ఒక గంట తోడుంది, అది కాస్తా నేను తీసేశాను. తీసేసి, పైగా కానుక అన్నాను.

శనివారం ఒంటిపూట బడి విడిచీ విడవకముందే స్టవ్వు చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఆమె పెరట్లో ఉంటే చెప్పకుండా తీసుకొచ్చేశాను. సాయిబు నన్ను చూసి, "ఏమైందమ్మా, మంట సరిగా రాలేదా?" అన్నాడు.

"మంట బాగుంది. నాకు మోత కావాలి. మీరు తీసేసిన ఆ పాత బర్నరు పెట్టేయండి."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "అది కరిగిపోయుంటాదమ్మా ఈ పాటికి. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తుండా. సద్దు తీసెయ్యమని వస్తారు జనం. పెట్టమని వచ్చింది మీరొక్కరే."

నేను కదల్లేదు. గంప బోర్లించమన్నాను. ఇత్తడి ముక్కల్లో ఇద్దరం వెతికాం. ఆయనకి నా తిక్క నచ్చినట్టుంది, తన పని పక్కన పెట్టాడు. ఒకటి దొరికింది. వేరే ఎవరిదో, గొట్టం సగం విరిగి ఉంది. దాన్ని శుద్ధి చేసి, అతుకు పెట్టి, వంకర తీసి బిగించేసరికి ఎండ తిరిగింది. అంగట్లోనే వెలిగించి చూపించాడు. బుర్రుమంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. నాకు అంత మంచి చప్పుడు అప్పటిదాకా విన్నట్టు లేదు.

కోట చేరేసరికి ఆరు దాటుతోంది. చిన్న నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. స్టవ్వు కనపడక ఇల్లంతా వెతికినట్టుంది, కొంగంతా మసి. స్టవ్వుని వంటింట్లోకి తీసుకుపోయి దాని చోట దాన్ని పెట్టాను. ఆమె కూర్చుంది. స్పిరిటు పోసింది. పంపు కొట్టింది. మంట లేచింది, మోత లేచింది, నా గదిలో అద్దం వణికింది.

"ఏడ్చింది," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి మీద ఎసరు పెట్టింది. మళ్ళీ ఎందుకు మార్పించావని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె రహస్యం నాకు తెలిసినట్టు ఆమెకి తెలియకూడదని నా పట్టుదల.

అంతే కాదు. నా మీద నాకు నమ్మకం లేదు. ఆ మోతలో ఏమీ వినపడదని తెలుసు, అయినా గోడ దగ్గరికి చెవి పోతుందని భయం. అందుకని ఆ మర్నాటి నుంచి, స్పిరిటు వాసన రాగానే చెప్పులేసుకుని బయటికి పోయేదాన్ని. కాలవ వంతెన దాకా నడిచి, పిట్టగోడ మీద కూర్చుని, సరుగుడు తోపుల మీదుగా వచ్చే సముద్రం గాలికి ఒక గంట గడిపి తిరిగొచ్చేదాన్ని. మొగుణ్ణి వదిలేసి వచ్చిన పంతులమ్మ రోజూ సాయంత్రం ఒంటరిగా వంతెన మీద ఎవరికోసం కూర్చుంటోందని ఊళ్ళో గుసగుసలు పుట్టాయి. హెడ్మాస్టరు ఒకసారి దగ్గి, సకిలించి, ఏదో చెప్పబోయి మానుకున్నాడు. నేను లెక్కచేయలేదు. వానాకాలంలో గొడుగేసుకుని పోయాను. అక్కడ కూర్చుంటే నాకు మాట్లాడుకోడానికి మాత్రం ఎవరూ లేరని రోజూ తెలిసొచ్చేది. ఆ గంట చాలా పొడుగ్గా ఉండేది.

అలా ఐదారు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం చెప్పుల్లో కాలు పెట్టబోతుండగా లోపల్నుంచి పిలిచింది. మోత మధ్యలోంచి ఆ పాత గొంతు, కాలవ దాటే గొంతు.

"పంతులమ్మా! ఇట్టా రా ఒకసారి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. స్టవ్వుకి ఈ పక్క పీట మీద ఆమె ఉంది. ఆ పక్క పీట ఖాళీగా ఉంది. ఆమె నా వైపు తిరిగి, కూరలో ఉప్పు సంగతి అడిగినంత మామూలుగా అడిగింది.

"మా అక్క అడగతా ఉండాది. ఆ పిల్ల రోజూ ఈ ఏళకి యాడికి పోతుండాదీ అని. తెలవదు, అడిగి చెప్తాలే అన్నా. యాడికి పోతుండావు?"

షికారుకని చెప్పవచ్చు, హెడ్మాస్టరు అడిగి ఉంటే అదే చెప్పేదాన్ని. కాని అక్కడ ఇద్దరు సమాధానం కోసం ఆగి ఉన్నారు. ఏదో చెప్పాను. మోతలో నాకే వినపడలేదు.

"ఇనపళ్ళా! గట్టిగా చెప్పు!"

అప్పుడు అరిచాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "వంతెన మీదికి పోతున్నాను! మీరిద్దరూ మాట్లాడుకుంటారని పోతున్నాను! అక్కడ నాకెవరూ లేరు!"

చిన్న నర్సమ్మ గరిట కింద పెట్టింది. మంట అవతల ఖాళీ పీట వైపు తిరిగింది.

"ఇన్నావా అక్కా," అంది. "రవ్వంత జరుగు."